వడ్డీ తగ్గిస్తామనే పరాయి స్వరం



మద్నూర్ సరిహద్దు ఊరు. సంగారెడ్డి నుండి నాందేడ్ వైపు పోయే జాతీయ రహదారి మీద ఈ మండలం దాటితే మహారాష్ట్ర. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు కలిసి వినిపిస్తాయి. సలాబత్‌పూర్ దగ్గర చాలా ఏళ్ళపాటు రవాణా శాఖవారి చెక్‌పోస్టు ఉండేది. పరాయి రాష్ట్రపు లారీ వచ్చిందంటే అక్కడ ఆగవలసిందే. బండి ఎవరిది, సరుకు ఏమిటి, ఎక్కడికి పోతున్నది అని అడిగేవారు. కాగితాలు చూపనిదే బండి కదిలేది కాదు.

ఈ రోజుల్లో మన ఇళ్ళకు ఇంకో దారి పడింది. ఆ దారిలో వచ్చేవాడు లారీలో రాడు, ఫోనులో వస్తాడు. వాడు ఏ ఊరివాడో, ఎవరి మనిషో, చేతిలో ఏ కాగితం ఉన్నదో చూసేందుకు దారిలో ఏ చెక్‌పోస్టూ లేదు. నేరుగా మన వంటింట్లోకి, కొట్టు గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, మన పేరు పెట్టి పిలిచి మాట్లాడతాడు. అలాంటి స్వరాలలో ఒకదాని గురించి ఈ వారం మన కుటుంబ పాఠంలో నేర్చుకుందాం. అది, “మీ క్రెడిట్ కార్డు వడ్డీ తగ్గిస్తాం” అనే స్వరం.

కార్డు కూడా అప్పే

క్రెడిట్ కార్డు మన తెలుగువారికి నిన్న మొన్న వచ్చింది కాదు. మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చి, దేశంలో ఆ దారిలో ముందు నడిచిన బ్యాంకుల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్నది. (2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) ఆ కాలంలో కార్డు పెద్ద ఉద్యోగులకు, వ్యాపారులకే పరిమితం. ఇప్పుడు చిన్న జీతగాడికీ, చిన్న కొట్టువాడికీ ఫోను చేసి మరీ కార్డు ఇస్తున్నారు.

కార్డు చేతిలో ఉంటే డబ్బు ఉన్నట్టే తోస్తుంది. నిజానికి ఉన్నది డబ్బు కాదు, అప్పు. గడువులోగా మొత్తం బాకీ కట్టేవారికి వడ్డీ పడదు. వారికి కార్డు మంచి పనిముట్టే. కాని బిల్లులో “కనీస మొత్తం” అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది మాత్రమే కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తుంది. ఆ తరువాత కొత్తగా కొన్న సరుకు మీద కూడా, మొత్తం తీరేదాకా, కొన్న రోజు నుండే వడ్డీ లెక్క మొదలవుతుంది.

మన ఊళ్ళలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం. నూటికి నెలకు రెండు రూపాయలైతే “రెండు రూపాయల వడ్డీ” అంటాం. ఆ లెక్కన చూస్తే చాలా కార్డులది మూడు, మూడున్నర రూపాయల వడ్డీ. సంవత్సరానికి నూటికి 36 నుండి 42 రూపాయలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఊళ్ళో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే “అమ్మో, రక్తం తాగుతున్నాడు” అంటాం. కార్డు మీద అదే వడ్డీ కడుతూ గమనించం.

లెక్క వేసి చూడండి. 60,000 రూపాయల బాకీ ఉన్నదనుకోండి. మూడున్నర రూపాయల చొప్పున నెల వడ్డీ 2,100. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. రెండూ కలిపి 2,478. కనీస మొత్తం నూటికి ఐదు చొప్పున 3,000 అనుకుంటే, అసలులో తగ్గేది 522 రూపాయలే. బ్యాంకును బట్టి లెక్కలో కొద్ది తేడాలు ఉంటాయి కాని నడక ఇదే. నెలనెలా మూడు వేలు కడుతున్నా బాకీ కదలడం లేదని ఇంటి యజమాని నిట్టూర్చేది అందుకే.

సరిగ్గా ఆ నిట్టూర్పును పట్టుకొనే పరాయి స్వరం వస్తుంది.

మోసం నడిచే తీరు

మద్నూర్ లాంటి ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చినప్పుడే ఊరివాళ్ళు ఖాతా తీరుస్తారు. అప్పటిదాకా సరుకు తేవడానికి కార్డు వాడారు. కూతురు నర్సింగు చదువుతున్నది, మొదటి ఏడు ఫీజు కూడా కార్డు మీదనే కట్టారు. బాకీ 60,000. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

“నమస్తే అన్నా, బ్యాంకు కార్డు విభాగం నుండి మాట్లాడుతున్నాను. మీరు ప్రతి నెలా టైముకు కడుతున్నారు, మంచి కస్టమరు. మీకు వడ్డీ ఒక రూపాయికి తగ్గించే అవకాశం వచ్చింది.”

పేరు సరిగ్గా చెప్పాడు. కార్డు చివరి నాలుగు అంకెలు కూడా చెప్పాడు. ఇవన్నీ తెలిసినవాడు బ్యాంకువాడే కదా అని మన మనసు అంటుంది. కాని పేర్లు, ఫోను నంబర్లు, కార్డు వివరాలు దొంగచాటుగా మూటలు కట్టి అమ్మేవారున్నారు. మన గురించి కొంత తెలిసినంత మాత్రాన వాడు మనవాడు కాడు.

తరువాత వాడు లెక్క చెబుతాడు. “ఇప్పుడు నెలకు 2,100 వడ్డీ, మా స్కీములో 600 మాత్రమే. నెలకు 1,500 మిగులుతుంది.” ఈ లెక్క నిజమే, తప్పు లేదు. మోసగాడు లెక్కలో అబద్ధం ఆడడు, తాను ఎవరన్న విషయంలో ఆడతాడు.

ఆ తరువాత దారి మూడు విధాలుగా చీలుతుంది. మొదటిది, “ప్రాసెసింగ్ ఫీజు ముందుగా కట్టాలి” అంటాడు. రెండవది, “కార్డు మీదే అని నిర్ధారించుకోవాలి” అంటూ కార్డు వెనుక ఉన్న మూడు అంకెలు, ఆపైన ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. మూడవది, వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి “ఇది మన బ్యాంకు యాప్, వేసుకోండి” అంటాడు, లేదా మన ఫోను తెర తనకు కనిపించే యాప్ ఒకటి పెట్టిస్తాడు. ఇలాంటి ఒక యాప్ గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఆ యాప్ ఫోనులో ఉంటే మనం ఓటీపీ నోటితో చెప్పకపోయినా వాడికి కనిపిస్తుంది.

ఈ మూడు దారుల్లోనూ రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. “ఈ రోజే ఆఖరు” అనేది ఒకటి. “ఫోను పెట్టవద్దు, ఎవరితోనూ మాట్లాడవద్దు” అనేది రెండవది. పది నిమిషాల్లో కార్డులో మిగిలి ఉన్న పరిమితి అంతా ఊడ్చుకుపోతుంది. 60,000 బాకీ లక్ష దాటుతుంది. వడ్డీ మాత్రం అదే మూడున్నర రూపాయలు.

మన ఊరి మోసం మాత్రమే కాదు

అమెరికాలో ఇదే మోసం ఏళ్ళ తరబడి నడిచింది. “కార్డ్‌హోల్డర్ సర్వీసెస్ నుండి రేచల్‌ను మాట్లాడుతున్నాను” అని రికార్డు చేసిన ఒక ఆడ గొంతు లక్షల ఇళ్ళకు ఫోను చేసేది. ఎదుట మనిషి లేడు, యంత్రమే. వడ్డీ తగ్గిస్తామని చెప్పి వందల డాలర్ల నుండి దాదాపు మూడు వేల డాలర్ల వరకు ముందుగానే వసూలు చేసేవారు. 2012 నవంబర్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఐదు కంపెనీల మీద కోర్టులో చర్య తీసుకున్నది. అంతకు ముందు 2010లోనే అక్కడ ఒక నియమం వచ్చింది. ఫోనులో అప్పు తగ్గిస్తామని చెప్పేవారు, పని చేసి చూపక ముందు ఫీజు తీసుకోరాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ పిల్లలు ఉంటే ఈ మాట వారికి కూడా చెప్పండి.

మన రాష్ట్రం కూడా అప్పుల మోసాలు చాలా చూసింది. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో ఫోను యాప్‌ల అప్పుల వ్యవహారం బయటపడింది. క్షణాల్లో అప్పు ఇచ్చి, వారం రోజుల్లో కట్టమని పీడించి, చుట్టాలందరికీ ఫోను చేసి పరువు తీశారు. సిద్దిపేట జిల్లాలో ఒక యువ వ్యవసాయ విస్తరణాధికారిణితో సహా కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు యాప్ అప్పులకు నిబంధనలు పెట్టింది. అంటే అప్పులో ఉన్న ఇల్లు దొంగకు సులువైన గురి. ఆకలిగా ఉన్న చేపకే ఎర.

పవిత్ర గ్రంథం నేర్పే పాఠాలు

ఆదికాండము 27వ అధ్యాయం తెరవండి. ఈసాకు ముసలివాడు, చూపు లేదు. చిన్న కొడుకు యాకోబు అన్న బట్టలు కట్టుకొని, చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకొని, పెద్దకొడుకునని చెప్పి తండ్రి దీవెన పొందాడు. ఒక సంగతి గమనించండి. ఈసాకుకు గొంతు మీద అనుమానం వచ్చింది. ఇది పెద్దవాడి గొంతు కాదే అనుకున్నాడు. అయినా చేతులు తడిమి, బట్టల వాసన చూసి, ఆ అనుమానాన్ని అణచుకున్నాడు. పేరు, నాలుగు అంకెలు, బ్యాంకు బొమ్మ ఉన్న వాట్సాప్, ఇవన్నీ మన కాలపు మేకతోళ్ళే. మనసులో మొదట లేచిన అనుమానాన్ని అణచుకోకండి.  మనకు కార్డు వెనుక అచ్చువేసిన నంబరు దూరం కాదు.

తోబీతు గ్రంథం 5వ అధ్యాయం చూడండి. తోబీతు పది తలాంతుల వెండిని దూరదేశంలో గబాయేలు దగ్గర దాచాడు. దాచినప్పుడు ఒక పత్రం రాసుకొని దాన్ని రెండుగా చింపారు. ఒక సగం తోబీతు దగ్గర, ఇంకొక సగం డబ్బుతో పాటు గబాయేలు దగ్గర. ఇరవై ఏళ్ళ తరువాత ఆ సగం పత్రం చూపగానే గబాయేలు ముద్రలు చెదరని సంచులు తెచ్చి లెక్కపెట్టి ఇచ్చాడు. మన ఓటీపీ కూడా ఆ చింపిన సగం లాంటిదే. మొదటి సగం బ్యాంకు దగ్గర ఉన్నది, రెండవ సగం మన ఫోనుకు వస్తుంది. రెండూ కలిస్తే సంచి తెరుచుకుంటుంది. బ్యాంకుకు మన సగంతో పనేమిటి? దానిది దాని దగ్గరే ఉన్నదిగా! మన సగాన్ని నోటితో అడిగేవాడి దగ్గర ఏ సగమూ లేదు, అందుకే అడుగుతున్నాడు. ఈ ఒక్క పోలిక పిల్లలకు చెబితే ఎన్నటికీ మరచిపోరు.

లూకా సువిశేషం 16వ అధ్యాయంలో అప్పు తగ్గించే మనిషి ఒకడు కనిపిస్తాడు. ఉద్యోగం పోబోతున్న గృహనిర్వాహకుడు యజమాని బాకీదారులను ఒక్కొక్కరినే పిలిచి, నూరు ఉన్న నూనె బాకీని యాభైకి, నూరు ఉన్న గోధుమల బాకీని ఎనభైకి మార్చి రాయించాడు. అతడు ఎవరి సొమ్ము తగ్గించాడు? తనది కాదు, యజమానిది. ఇందులో మనకు ఒక ప్రశ్న దొరుకుతుంది. వడ్డీ తగ్గితే నష్టం ఎవరికి? బ్యాంకుకు. అయితే తగ్గించగలిగేది ఎవరు? ఆ నష్టం భరించే బ్యాంకు ఒక్కటే. మధ్యలో వచ్చినవాడు ఏ సొమ్ముతో తగ్గిస్తాడు? ఫోనులో వడ్డీ మాట వినగానే ఈ ప్రశ్న వేసుకోండి.

“ప్రభుత్వం కార్డుల వడ్డీ తగ్గించింది” అని కొందరు నమ్మబలుకుతారు. నిజం వినండి. నూటికి 30 మించిన కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి సర్కారు తగ్గించింది అనే మాట చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే, మొదటి మాటలోనే వాడు దొరికిపోయినట్టు.

యోహాను సువిశేషం 10వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు గొర్రెల కాపరి గురించి చెప్పారు. గొర్రెలు తమ కాపరి స్వరం ఎరుగును, పరాయివాని వెంట పోవు, అతని నుండి పారిపోవునని బోధించారు. గొర్రెలు పరాయివానితో వాదానికి దిగవు. అతనిని తిట్టవు, పరీక్షించవు. పారిపోతాయి. ఫోను విషయంలో మనం చేయవలసిందీ అదే. ఏదేను తోటలో అవ్వ పాముకు జవాబు చెప్పడంతోనే చిక్కు మొదలైంది. మాట పెరిగిన కొద్దీ మోసగాడిదే పైచేయి. వాడికి అది రోజువారీ పని, మనకు అది మొదటిసారి. ఫోను పెట్టేయడం అమర్యాద కాదు.

శ్రీసభ, పేదవాని అప్పు

అప్పుల విషయం గుడికి సంబంధించింది కాదని కొందరు అనుకుంటారు. శ్రీసభ అలా ఎన్నడూ అనుకోలేదు. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో పొలాలు, పిల్లలను తాకట్టు పెట్టుకొన్న పేదల మొర విని నెహెమ్యా పెద్దలను నిలదీసి, తాకట్టులు తిరిగి ఇప్పించాడు. 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కన్ మఠవాసుల ప్రోద్బలంతో పేదలకు తక్కువ ఖర్చుతో అప్పులిచ్చే తాకట్టు నిధి మొదలైంది. అలాంటి నిధులను 1515లో ఐదవ లాటరన్ మహాసభ సమర్థించింది. 1745లో 14వ బెనెడిక్ట్ పాపుగారు వడ్డీ దోపిడీ మీదనే ప్రత్యేకంగా ఒక లేఖ రాశారు. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఏడవ ఆజ్ఞను వివరిస్తూ, వ్యాపారంలో మోసాన్ని, ఇతరుల అజ్ఞానాన్ని, కష్టాన్ని ఆసరా చేసుకొని ధరలు పెంచడాన్ని దొంగతనంతో సమానంగా లెక్కవేసింది. 2025 జూబిలీ సంవత్సరంలో ఫ్రాన్సిస్ పాపుగారు పేద దేశాల అప్పులు మాఫీ చేయమని సంపన్న దేశాలను కోరారు. అప్పు భారం తగ్గాలని కోరుకోవడం తప్పు కాదు, అది ధర్మమైన కోరిక. ఆ కోరికను ఎర చేసినవాడిదే పాపం.

మోసపోయినవారు పాపులా?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. డబ్బు పోయిన ఇంట్లో మొదట వచ్చేది కోపం కాదు, సిగ్గు. “నలుగురికి తెలిస్తే నవ్వుతారు” అని మగవాడు భార్యకు చెప్పడు. “ఏమండీ, ఎందుకు తినడం లేదు?” అని ఆమె అడిగితే కడుపునొప్పి అంటాడు. ఆమె చేతిలో జరిగితే ఆయనకు చెప్పదు, పుస్తెలతాడు తాకట్టు పెట్టి తీర్చాలని చూస్తుంది. పిల్లలు చేస్తే తల్లిదండ్రులకు చెప్పరు. దాచిన ప్రతి గంటా దొంగకు లాభం. దాచిన బాధ మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో 2020లో మన జిల్లాలు చూశాయి.

మోసపోవడం పాపం కాదు. దొంగిలించినవాడే ఏడవ ఆజ్ఞ మీరినవాడు. దారిలో దొంగల చేతిలో పడి గాయపడినవానిని, ఆ దారిన ఒంటరిగా ఎందుకు వెళ్ళావని మంచి సమరీయుడు అడగలేదు. గాయాలు కట్టాడు. మన ఇంట్లో ఒకరు మోసపోతే “నీకు బుద్ధి లేదా” అనే మాట నోటికి రానీయకండి. “ఎంత పోయిందో తరువాత చూద్దాం, నువ్వు బాగున్నావా?” అని అడగండి. ఆ ఒక్క మాట ప్రాణం నిలుపుతుంది. మనసు మరీ క్రుంగిపోయినవారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత సేవ. విచారణ గురువుల దగ్గరకు కూడా వెళ్ళండి.

అయితే వివేకం కూడా పుణ్యమే అని శ్రీసభ నేర్పుతుంది. నాలుగు మూలపుణ్యాలలో మొదట చెప్పేది దాన్నే. క్రీస్తు ప్రభువు తన శిష్యులను పావురాల వలె నిష్కపటులుగా మాత్రమే కాదు, పాముల వలె వివేకులుగా కూడా ఉండమన్నారు. మంచితనం పేరుతో వివేకాన్ని వదులుకోమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

మోసం జరిగిన వెంటనే

మొదట, 1930 నంబరుకు ఫోను చేయండి. అది సైబర్ ఆర్థిక మోసాల కోసం దేశమంతటా పనిచేసే నంబరు. ఎంత త్వరగా చేస్తే, డబ్బు దొంగ ఖాతా నుండి ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు. చేతకాకపోతే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళండి.

రెండు, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి కార్డు ఆపించండి. ఫిర్యాదు సంఖ్య రాసి పెట్టుకోండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఒక సూత్రం నెలకొల్పింది. ఖాతాదారుడు రహస్య సంఖ్య తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిది. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. కాబట్టి ప్రతి నిమిషమూ డబ్బే.

మూడు, మోసగాడు పెట్టించిన యాప్ ఉంటే ముందు ఫోనుకు ఇంటర్నెట్ ఆపండి. యాప్ తీసివేయించి, రహస్య సంఖ్యలన్నీ వేరే ఫోను నుండి మార్చండి. మెసేజీలు, నంబర్లు చెరిపివేయకండి, అవి సాక్ష్యం.

నాలుగు, బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు. ఇక్కడ ఇంకో హెచ్చరిక. “పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి” అని మళ్ళీ ఒక ఫోను రావచ్చు. అది అదే దొంగ రెండవ రాక.

నిజంగా వడ్డీ తగ్గాలంటే

దారి లేకపోలేదు. మీరే బ్యాంకుకు వెళ్ళి, లేదా కార్డు మీది నంబరుకు మీరే ఫోను చేసి, బాకీని నెలవారీ వాయిదాలుగా మార్చమని అడగండి. చాలా బ్యాంకులు తక్కువ వడ్డీకి మారుస్తాయి. బ్యాంకులో బంగారం మీద తీసుకునే అప్పు వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ. దానితో కార్డు బాకీ ఒకేసారి తీర్చి, ఆ అప్పు మెల్లగా కట్టుకోవచ్చు. కాని బాకీ తీరేదాకా కార్డు పెట్టెలో పెట్టి తాళం వేయాలి, లేకపోతే రెండు అప్పులు అవుతాయి. బ్యాంకు మనకు ఫోను చేసిందా, మనం బ్యాంకుకు చేశామా అన్నదే తేడా. సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అయినా ఆ నంబరు కనిపించినా సరే, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పరాదు.

అవతలి వైపు కూడా మన బిడ్డే కావచ్చు

ఆ పరాయి స్వరం ఎవరిది? మన నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల నుండి తరతరాలుగా గల్ఫుకు వలస ఉన్నది. ఏజెంటు చేతిలో డబ్బు పోసి బిడ్డలను పంపడం మనకు కొత్త కాదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక దారుణం బయటపెట్టారు. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి తెలుగు యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి, మన దేశం వారికే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని ఇలాంటి కేంద్రాల నుండి విడిపించిన ఐదు వందలకు పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో థాయిలాండ్ మీదుగా తీసుకువచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. విదేశీ ఉద్యోగం మాట వచ్చినప్పుడు ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా లేదా అని తప్పక విచారించండి.

ఇష్టపూర్వకంగా ఈ పనికి దిగేవారూ ఉన్నారు. “నీ బ్యాంకు ఖాతా కొద్దిరోజులు ఇవ్వు, కమీషను ఇస్తాం” అంటే ఇచ్చే యువకులున్నారు. దొంగసొమ్ము పోవడానికి దారి ఇచ్చినవాడు దొంగతనంలో భాగస్థుడే, చట్టం ముందు, దేవుని ముందు కూడా. పాపసంకీర్తనంలో చెప్పినంత మాత్రాన ఇది తీరిపోదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్న తరువాతనే క్రీస్తు ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చినదని ప్రకటించారు.

విచారణలో మనం చేయగలిగింది

ఆదివారం దివ్యబలిపూజ తరువాత పది నిమిషాలు యువజన సంఘంవారు పెద్దవారి ఫోన్లలో అక్కరలేని యాప్‌లు చూసి తీసివేయవచ్చు. 1930 నంబరును దేవాలయం నోటీసు బోర్డు మీద రాయవచ్చు. విన్సెంట్ డి పాల్ సంఘం ఉన్నచోట, అప్పులో చిక్కుకున్న కుటుంబానికి బిల్లు చదివి లెక్క వివరించే ఒక మనిషిని చూడవచ్చు. మంచి లెక్క చెప్పడం కూడా దయాకార్యమే, తెలియనివారికి తెలియజెప్పడం ఆత్మ సంబంధమైన దయాకార్యాలలో ఒకటి.

ఇక మీ ఇంటికి ఒక చెక్‌పోస్టు పెట్టండి. డబ్బు, కార్డు, ఓటీపీ అనే మాట ఫోనులో వినిపిస్తే, ఎవరైనా సరే, “మా ఇంట్లో అడిగి చెబుతాను” అని పెట్టేయాలి. నిజమైన బ్యాంకు ఆ మాటకు కోపగించదు. ఇద్దరు చూడనిదే ఏ బండీ మన గడప దాటరాదు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరికి ఎంత అప్పు ఉన్నది, దానికి ఎన్ని రూపాయల వడ్డీ కడుతున్నాం? అందరికీ తెలుసా?

2. ఈసాకు తన అనుమానాన్ని ఎందుకు అణచుకున్నాడు? మనం ఎప్పుడు అలా చేస్తాం?

3. మనలో ఒకరికి డబ్బు పోతే ఇంట్లో భయం లేకుండా చెప్పగలమా? చెప్పలేకపోతే ఈ రాత్రి మనం ఏమి మార్చుకోవాలి?

4. మన వీధిలో ఫోను సరిగా వాడరాని వృద్ధులు ఎవరు? ఈ వారం వారి దగ్గరికి ఎవరు వెళతారు?